పిడికెడు తీసిపెట్టిన చేయి

మంగళవారం పొద్దున ఉప్పల్‌లో మెట్రో మెట్లు ఎక్కుతుంటే నాచారం నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, అత్తమ్మ పోయింది. చాయ్ ఇద్దామని లేపితే లేవలే" అంది పెద్దమ్మ కోడలు. జనం నన్ను తోసుకుంటూ పోతున్నారు. గోడకు ఆనుకుని నిలబడిపోయాను. గంట తిరక్కుండానే ఫొటోతో సహా "ప్రభువునందు నిద్రించారు" అని వాట్సాప్‌లో వచ్చింది. ఇలాంటి మాటల మీద జీవితమంతా తగువు పెట్టుకున్నవాణ్ణి. పోయిన మనిషిని పోయిందనడానికి భయమెందుకని ఎంతమందితోనో వాదించాను. ఆ రోజు వాదం రాలేదు. నిజంగా నిద్రే అయితే బాగుండునని కూడా అనిపించింది.

ఆమె నాకు చుట్టం కాదు. నాచారంలో ఆమె కింద రెండు గదుల్లో, నేను మీద రేకుల గదిలో, ఇద్దరం కిరాయిదార్లమే. తొమ్మిదేళ్లు అలా ఉన్నాం. నేను పెద్దమ్మా అనేవాణ్ణి. ఆమె కామ్రేడూ అనేది. అందులో గౌరవం పాలు తక్కువ. "ఏం కామ్రేడూ, లోకం మారిందా? ఇంక లేటుంటె జర కిందికి దిగి గీ సిలిండరన్న మార్చు" అని కేకేసేది.

పారిశ్రామికవాడలో సీసాల మూతలు చేసే ఒక కంపెనీలో ఆమె పని. బెల్టు మీద వచ్చే మూతల్లోంచి పగిలినవీ వంకర పోయినవీ ఏరేయడం. ఇరవై ఏళ్లకు పైగా అదే. ఇంటికొచ్చాక కూడా ఆ వేళ్లు ఊరుకునేవి కావు. చిక్కుడుకాయలు ఒలుస్తూ, మనతో మాట్లాడుతూ, చూడకుండానే పుచ్చినదాన్ని పక్కకు పెట్టేసేవి. నా ఉపన్యాసాలను కూడా ఆమె అలాగే ఏరేది. "గా మాట మంచిగున్నది. గిది మాత్రం నువ్వే నమ్మవు, మాకెందుకు జెప్తవు?" అనేది.

ఆమె వంటింటి గూట్లో మూతున్న ఒక పాత రేకు డబ్బా ఉండేది. పూటపూటకూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి పోయేవి. మా బస్తీలో చర్చికి పోయే ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటే ఇది. నాకు దాన్ని చూస్తే మండేది. "నీకే చాలవు, ఇంకా పైకి పంపుతున్నావా?" అనేవాణ్ణి.

"పిడికెడు తీసినంక మిగిలింది సాలంటె సాలుతది బిడ్డా. తీయకుంటె గంపెడున్నా సాలదు."

"ఇది వేదాంతం."

"కాదు, వంట."

ఇక అసలు సంగతి. కరోనా తగ్గి కంపెనీలు తెరుచుకుంటున్న కాలం. ఆ కంపెనీ మాత్రం గేటుకు తాళం వేసింది. పాత ఉద్యోగం మానుకున్నామని సంతకం పెట్టి, కాంట్రాక్టర్ కింద కొత్తగా చేరితేనే లోపలికి రానిస్తామంది. అంటే చేసిన ఏళ్లన్నీ గాలికి. నేను కార్మికుల తరఫున కరపత్రాలు రాసేవాణ్ణి. పొద్దున్నే గేటు ముందు ఎండలో కూర్చునేవాళ్లం. రెండో వారానికి ఇళ్లల్లో పొయ్యిలు ఒకపూటకే అంటుకుంటున్నాయి. అప్పుడు పెద్దమ్మ సాయంత్రం ప్రార్థనలో తోటి ఆడవాళ్లతో, "ఉన్నదాంతోని సాలు అనుకునుడు నేర్సుకుందాం. అది పుట్టుకతోని రాదు, కష్టంల నేర్సుకునేదే" అంది. మేడ మీద నాకు వినబడింది.

మర్నాడు కంపెనీ నుంచి కబురొచ్చింది, తెల్లారి ఆమెను ఒక్కదాన్నే మాట్లాడ్డానికి రమ్మని. ఆమె సంతకం పెడితే బెల్టు మీది ఆడవాళ్లంతా పెడతారు. అది వాళ్లకు తెలుసు, మాకూ తెలుసు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రే రాసి పొద్దునకల్లా అచ్చు వేయించాను. అందులో ఒక వాక్యం పెద్ద అక్షరాల్లో ఉంది: "తృప్తిని బోధించేవాళ్లు యజమాని గేటుకు జీతం లేని కాపలాదారులు." రాసేటప్పుడు నా కళ్ల ముందున్నది ఎవరి మొహమో నాకు తెలుసు. గేటు దగ్గర ఆమె చేతికి కూడా ఒకటిచ్చాను.

ఆమె వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. "మంచిగ రాసినవు కామ్రేడూ" అంది. తర్వాత, "నా గురించేనా?" అంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లోపలికి వెళ్లింది.

అరగంటలో తిరిగొచ్చింది. చుట్టూ ఆడవాళ్లు మూగారు. సంతకం పెడితే సూపర్‌వైజర్‌ను చేస్తామన్నారట. నిలబడే పని ఉండదు, కుర్చీ ఇస్తామన్నారట.

"నువ్వేమన్నవ్ అక్కా?"

"నాకున్నది సాలు సారూ, మావోళ్లకు రావల్సింది వాళ్లకియ్యిన్రి అన్న. ఏసీల కూసొని గంత చెమటలు పట్టినోణ్ణి నేనెన్నడు సూడలే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా సంచిలో ఇంకా పంచని కరపత్రాల కట్ట ఉంది.

ఆ ఆదివారం డబ్బాల్లోని బియ్యం చర్చిలో ఉండిపోలేదు. తాళం తీసేదాకా పిడికెళ్లన్నీ గేటు దగ్గరికేనని ఆమె లేచి అడిగిందట, పాస్టర్ సరేనన్నాడట. చెంగిచెర్లలో ఉండే ఒకామె పెద్ద గంజు తెచ్చింది. గేటు ఎదురుగా మూడు రాళ్ల మీద కిచిడీ ఉడికింది. చర్చి మొహం చూడనివాళ్లు, బొట్టు పెట్టుకున్నవాళ్లు, నమాజుకు పోయి వచ్చినవాళ్లు వరసగా కూర్చుని తిన్నారు. నేనూ తిన్నాను. "ఏస్కో కామ్రేడూ, గిది నువ్వు వద్దన్న బియ్యమే" అని ఇంకో గరిటె వేసింది.

చివరికి గేటు తెరుచుకుంది. పాత సర్వీసుతోనే చాలామందిని తీసుకున్నారు. ఆమెను తీసుకోలేదు, వయసు మళ్లిందన్నారు. నేను ఊగిపోయాను. ఆమె బడి పిల్లలకు వంట చేసే పనిలో కుదిరి, మోకాళ్ల నొప్పులతోనే ఆ పెద్ద గిన్నెలెత్తింది. కేసు వేద్దామంటే, "ఎయ్యి బిడ్డా, ఏడ సంతకం వెట్టాల్నో సూపెట్టు. రావల్సింది అడుగుడు వేరే, రాకుంటే ఏడ్సుకుంట బతుకుడు వేరే" అంది. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఆమె మాత్రం లేదు.

నా స్నేహితులు కొందరు ఇది చదివి ముఖం చిట్లిస్తారు, తెలుసు. నువ్వు కూడా మతానికి మంగళహారతి పడుతున్నావా అంటారు. పట్టడం లేదు. పేదవాణ్ణి సర్దుకోమని చెప్పే ప్రతి కడుపు నిండిన నోటి మీదా నా కోపం అలాగే ఉంది. కానీ భయపెట్టో ఆశపెట్టో కొనలేని మనిషిని నేను ఎక్కువమందిని చూడలేదు. నా సొంత శిబిరంలో అసలే తక్కువ చూశాను. ఆమెకు ఆ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే మోకాళ్ల మీద నుంచే వచ్చిందని చెప్పక తప్పదు. నేను ఆ ప్రార్థన చేయలేను. చేసినామెను తప్పుగా చదివానని మాత్రం ఒప్పుకుంటాను.

ఈ మాట ఆమెతోనే చెప్పాల్సింది. ఉప్పల్‌కు ఇల్లు మారే రోజు సామాను ఆటోలో ఎక్కిస్తూ మొదలుపెట్టాను. "పెద్దమ్మా, ఆ కరపత్రంలో నేను..." ఆమె పూర్తి చేయనివ్వలేదు. "మస్తు పనికొచ్చింది బిడ్డా నీ కాయితం. రోజు వాడుతున్న" అంది నవ్వుతూ. దెప్పుతోందనుకున్నాను. రోషమొచ్చి మిగిలిన సామాను ఆటోలో కుక్కాను. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా చాయ్ తాగాను, రాజకీయాలు వాదించాను, క్షమాపణ మాత్రం బయటికి రాలేదు.

సమాధుల తోటలో ఎవరో పెద్దమనిషి మాట్లాడుతూ, ఆమె జీవితంలో ఎవరినీ ఏదీ అడగలేదన్నాడు. అక్కడే లేచి గొడవ పడాలనిపించింది. అడిగిందయ్యా! గేటు తెరవమని అడిగింది, పక్కవాళ్ల హక్కు అడిగింది, చర్చిని బియ్యం అడిగింది. అడగనిది తన కుర్చీ ఒక్కటే. కోడలు నా ముఖం చూసి, "అన్నా, ఇయ్యాల వద్దు" అంది మెల్లగా.

వాళ్లింటికొచ్చాక కోడలు వంటకు లేచింది. కొడుకు పోచారంలో కంపెనీ కారు నడుపుతాడు. ఆకలితో, ఏడ్చి ఏడ్చి, గడపలో కూర్చున్నాడు. కోడలు గూట్లోంచి రేకు డబ్బా ఎత్తగానే దాని కింద పరిచిన కాగితం కనిపించింది. పచ్చబడింది. నా కరపత్రమే, అచ్చు వేసిన వైపు పైకుంది. డబ్బా అడుగు తుప్పు గుండ్రంగా దిగి, ఆ పెద్ద అక్షరాల వాక్యం చుట్టూ సున్నా చుట్టినట్టుంది.

"మస్తు సార్లు మారుద్దామన్న అన్నా" అంది కోడలు. "అత్తమ్మ వద్దనేది. 'మా కామ్రేడు నా మీద రాసింది, ఉండనీ. మంచి మందమున్న కాయితం' అనేది. నీకు గావాల్నా, తీస్కపోతవా?"

"వద్దమ్మా, ఉండనీ" అన్నాను.

ఆమె గిన్నెలో బియ్యం పోసింది. ఒక పిడికెడు వెనక్కి తీసి డబ్బాలో వేసింది. మూత పెట్టి, ఆ తుప్పు గీతలో సరిగ్గా కూర్చునేదాకా డబ్బాను కొంచెం అటూ ఇటూ జరిపి, చేయి తీసేసింది.