మేస్త్రి విప్పని తాడు

అరబ్బు దేశంలో, రైసూత్‌లో ఓడరేవు పనిలో ఉన్నప్పుడు మా రూమ్‌లో ఒక మేస్త్రి ఉండేవాడు. మా నిజామాబాద్ వైపాయనే. భయమేస్తే చాలు, తన రేకుపెట్టెకు తాడు కట్టేవాడు.

ఆ ఏడు, అంటే డెబ్బై అయిదులో, మా కంపెనీ ఇంగ్లీషు దొరలు భోజనాల దగ్గర రోజూ అరుచుకునేవారు. యూరప్ దేశాలు కొన్ని కలిసి వ్యాపారానికి ఒక కూటమి పెట్టుకున్నాయట. అందులో ఉండాలా, బయటికి రావాలా అని వాళ్ల దేశంలో జనాన్ని ఓటు అడుగుతున్నారట. దొరలకు వండే ఆయన ఈ సంగతి చెప్పగానే మేస్త్రి తాడు అందుకున్నాడు.

వెనక ఊళ్లో మేస్త్రి ఒక పటేల్ ఇంట జీతానికి ఉండేవాడు. ఆ ఇంటి అన్నదమ్ములు వేరుపడ్డ నాడు ఎడ్లను పంచుకున్నారు. ఈయన్ని మాత్రం ఇద్దరూ వద్దన్నారు.

"పొయ్యిలు వేరైతే ముందుగల్ల జీతగాళ్లనే ఎల్లగొడ్తరు తమ్మీ. కంపెనీ మూస్తరు. పెట్టె గట్టు" అన్నాడు.

"వాళ్లు కొట్లాడుకుంటే మనం పెట్టె గట్టుడేంది కాకా?" అని నవ్వాను. నవ్వాను గాని, నేనూ పెట్టె కట్టేశాను. రూమ్‌లో అందరూ కట్టారు.

ఓట్లు లెక్కపెట్టిన రోజు వంటాయన పరిగెత్తుకొచ్చాడు. కూటమిలోనే ఉంటామని జనం చెప్పారట. అందరం పెట్టెలు విప్పుకున్నాం. మేస్త్రి విప్పలేదు.

"ఉంటమన్నరు గద కాకా, ఇగ విప్పరాదు?"

"ఒక్కపారి అడిగినోళ్లు మల్ల అడుగరా?"

డ్యూటీకి వేసుకునే అంగీ ఆ పెట్టెలోనే ఉంది. తాడు కొంచెం వదులు చేసి, మూత సందులోంచి చెయ్యి దూర్చి అంగీ లాగాడు. మళ్లీ బిగించాడు.

నేను అక్కడున్నన్నాళ్లూ ఆయన అంగీ అలాగే తీసుకున్నాడు.