చివరి చరణం తీసేసి పాడారు

ఈ రోజు తెనాలిలో ప్రజా కళల పండుగ అంటే నేనూ, మా ఆవిడ సువార్తా భట్టిప్రోలు నుంచి బస్సెక్కి వెళ్లాం. పాట, కవిత, నాట్యం, అన్నీ కష్టజీవుల గురించేనని కరపత్రంలో వేశారు.

మధ్యాహ్నం కాలేజీ పిల్లలు నాట్ల పాట ఎత్తుకున్నారు. నా గుండె ఝల్లుమంది. కూలీల సమ్మె రోజుల్లో నేను కట్టిన పాట అది. వేదిక మీది సారు మాత్రం జానపదం అని చెప్పారు. పోనీలే అనుకున్నాను. కానీ పిల్లలు చివరి చరణం పాడకుండానే దణ్ణం పెట్టి దిగిపోయారు. నాటింది మేమైతే నేల మీది ఎట్టా అయిందని అడిగే చరణం అది. ఆ మాట సువార్తది. మడిలో నిలబడి ఆసామి మొహం మీదే అడిగింది. నేను పాటలో పెట్టానంతే.

నలుగురిలో నోరు విప్పని నేను లేచి ఆ సారు దగ్గరికి వెళ్లాను.

“చివరి చరణం ఏదండి?”

“కొంచెం ఘాటుగా ఉందని తీసేశాం బాబాయ్. ముందు వరసలో పెద్దలున్నారు కదా.”

“రాసినోణ్ణి అడగలేదేంటి?”

“జానపదాలకి రాసినోళ్లు ఉండరు బాబాయ్.”

“ఉన్నానండి.”

ఆయన నవ్వి నా చేతిలో టిఫిన్ పొట్లం పెట్టారు. దాన్ని కుర్చీ మీద పెట్టేసి వచ్చేశాను. ఒళ్లు మండిపోయింది. ఇది రాస్తుంటే ఇంకా మండుతోంది.

తిరుగు బస్సులో సువార్త ఆ చరణం గొంతెత్తి పాడింది. నాట్లకెళ్లి వస్తున్న ఆడవాళ్లు రెండోసారికే అందుకున్నారు. బస్సులో ఎవరికీ ఘాటు తగల్లేదు. మరి అక్కడ ఎవరికి తగిలిందో మీరే చెప్పండి.