కట్టుడు పండ్ల డబ్బా

"బస్టాండుల ఎవలు చూస్తరని పెట్టుకున్నవ్? తీసి డబ్బాల ఎయ్యి. ఊకె అరిగిపోతయి."

"నోట్లె పెట్టుకునేటందుకే గదనే చేపిచ్చింది! పెండ్లిళ్లకే బయటికి తియ్యనీకి అవేమన్న పట్టుచీరెనా?"

ఇబ్రహీంపట్నం బస్టాండులో మా ఆయన, నేను అట్లా తగువులాడుకున్నాం. అవి స్టీలు తీగల కట్టుడు పండ్లు. భూములమ్మి అందరూ కార్లు కొంటున్న రోజుల్లో మేము కొన్నవి అవొక్కటే. చివరికి విసుక్కుంటూ తీసి నా చేతిలో పెట్టి, నీళ్లు తాగడానికి పోయాడు.

పక్కన కూర్చున్న ఒకామె నేను మూసిన డబ్బా వంకే చూసింది.

"మా ఇంటాయనకు గూడ గిసుంటివే ఉండె, అక్కా."

"ఇప్పుడు పెట్టుకుంటలేడా?"

"దవాఖానల మూతికి ఆక్సిజన్ పెట్టేటప్పుడు తీసి నా చేతికిచ్చిన్రు. ఇంటికి పోయినంక పెట్టుకుంటడని కొంగున కట్టుకున్న. తెల్లారంగ నన్ను పిలిచి ఏదో చెప్పిండు. పండ్లు లేకపాయె, మాట తెల్వకపాయె. మల్ల చెప్పుమన్న. మల్ల చెప్పిండు. అప్పుడు గూడ తెల్వలే. అవ్, అవ్ అని తలూపిన. గంతే, పాణం పోయింది."

కాసేపు కొంగు ముడి తడుముకుంది.

"దేనికి అవ్ అన్ననో ఏమో, అక్కా."

కందుకూరు బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయింది. నేను పేరైనా అడగలేదు.

మరునాడు పొద్దున పండ్లు కడిగి, చాయ్‌తో పాటు మా ఆయన ముందు పెట్టాను.

"ఇయ్యాల ఎవలి పెండ్లి?" అన్నాడు.

"పెట్టుకో," అన్నాను.

పెట్టుకుని ఒక గుక్క తాగాడు. "చక్కెర తక్కువైంది," అన్నాడు.

లేచి ఒక చెంచా వేశాను.