నాలుగో అధ్యాయంలో పోయినాయన

మా అక్కకి వచ్చినన్ని మర్యాదైన ఉత్తరాలు మా వీధి మొత్తానికి కలిపి వచ్చి ఉండవు. ప్రతిదీ "మీ రచన మాకు పంపినందుకు కృతజ్ఞతలు" అనే మొదలవుతుంది. ఆ మొదటి ముక్క దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. కృతజ్ఞతలనేవి వస్తువు పుచ్చుకున్నాక చెప్పాలి గానీ, గుమ్మంలోంచే తిప్పి పంపేటప్పుడు చెప్తారా ఎవరైనా?

అక్క నవల రాసింది. దాన్ని నేరుగా అచ్చువేసేవాళ్ళకి పంపితే ముట్టుకోను కూడా ముట్టుకోరట. మధ్యలో ఏజెంటని ఒకరుండాలి, ఇల్లు కొనడానికి బ్రోకరున్నట్టు. ఆ ఏజెంటుకి నచ్చితే, నవలని చంకన పెట్టుకుని అచ్చువేసేవాళ్ళ చుట్టూ ఆయనే తిరుగుతాడు. ముందు ఆయనకి నచ్చాలి కదా! అక్కడే అక్కకి తల ప్రాణం తోకకొస్తోంది.

పోనీ ఇలాంటి ఉత్తరాలు ఆవిడకి కొత్తా అంటే, ఆవిడ ఉద్యోగమే అది. బట్టలుతికే మిషన్ల కంపెనీలో ఫిర్యాదులకి జవాబులు రాస్తుంది. "మీ మిషన్ ఎగురుకుంటూ వంటింట్లోకి వచ్చేసింది" అని ఎవరో మొత్తుకుంటే, "మీ ఇబ్బందిని పూర్తిగా అర్థం చేసుకున్నాం" అని రాయాలి. ఆ ఆఫీసులో 'కుదరదు' అనే మాట రాయకూడదని నియమం. ఏమీ ఇవ్వకూడదు, కానీ చదివినవాడు ఏదో ఇచ్చారనుకుని కాసేపు సంతోషపడాలి. అందుకని ఏజెంటు ఉత్తరం ఫోనులోకి రాగానే అక్క ఫ్రిజ్జుకి ఆనుకుని నిలబడి డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూస్తుంది.

"ఇది మా ఆఫీసు రెండో నమూనా ఉత్తరమే. ఊరికే పేరు మార్చి పంపాడు. చూడు, నా పేరొక్కటీ వేరే సైజులో ఉంది" అంటుంది. అంత తెలిసిన మనిషికి కూడా ప్రతిసారీ మొహం వాడిపోతుంది. నాకు అదే అర్థంకాదు.

మా బావ ఒక్కో ఏజెంటుకీ ఒక్కో పేరు పెట్టాడు. రెండు పేజీలు పొగిడి చివర్లో "కానీ" అన్నాయన కానీగారు. "నవల ఎంతో అందంగా ఉంది, అయితే నేను దీన్ని ప్రేమించలేకపోయాను" అని రాసినావిడ ప్రేమమ్మ. ఆ ఉత్తరానికి అక్క పళ్ళు నూరింది. "ప్రేమించమని ఎవరడిగారు తల్లీ? అమ్మిపెట్టమన్నాను, అంతే కదా!" అంది. ఇంకొకాయన నవల మొత్తం అడిగి తెప్పించుకుని, మేం ఆయన్ని మరిచిపోయేదాకా అట్టేపెట్టుకుని, "చివరి పేజీ దాకా ఆపకుండా చదివాను, మా దగ్గర ప్రస్తుతం చోటు లేదు" అని రాశాడు. ఆయన చివరిపేజీగారు.

బావ కారు నడపడం నేర్పే బడిలో మాస్టారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కారు తీసుకెళ్ళి గోడకి గుద్దినా గొంతు పెంచడు. ఈ ఉత్తరాలు చూస్తే మాత్రం శివమెత్తిపోతాడు. "అసలు చదివి చస్తున్నారా వీళ్ళు? నేను రెండుసార్లు చదివాను. ఒక్కటంటే ఒక్క తప్పు చూపించమను!" అంటాడు. నేనైతే నవలలు చదవనని అక్కకి మొదట్లోనే చెప్పేశాను, నాకా గొడవ లేదు. ఇక అక్క దగ్గరే ఉండే మా అమ్మ ప్రతి మార్పూ కాగితాల మీద అచ్చు తీయించుకుని, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, నెమ్మదిగా చదువుతుంది. ఎలా ఉందమ్మా అంటే "బాగుంది" అంటుంది. అంతకంటే ఒక్క ముక్క రాలదు ఆవిడ నోట్లోంచి.

నవల్లో ఒక పెద్దాయన ఉన్నాడు. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసొచ్చే ఉద్యోగం. ఎక్కడికి బయల్దేరినా గుమ్మం దగ్గర నిలబడి "నా గొడుగేదీ?" అని ఇల్లు పీకి పందిరేస్తాడు. గొడుగు ఆయన చంకలోనే ఉంటుంది. ఆయన మా నాన్నే. అక్క మీసం పెట్టింది, అంతే తేడా. నాన్న పోయిన తర్వాతే ఈ నవల మొదలుపెట్టింది. నవల్లో మాత్రం ఆయన ఆఖరి పేజీ దాకా గొడుగు వెతుక్కుంటూ తిరుగుతూనే ఉండేవాడు.

ఉండనిచ్చారా? "మొదటి యాభై పేజీల్లో ఎవరికీ ఏమీ జరగదు, అదే లోపం" అన్నాడు కానీగారు. అక్క కొన్నాళ్ళు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత నాలుగో అధ్యాయంలో పెద్దాయన్ని చంపేసింది. మెట్ల మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటూ పోయాడు, అచ్చం మా నాన్న పోయినట్టే. మిగతా అధ్యాయాల్లోంచి బియ్యంలో రాళ్ళేరినట్టు ఆయన్ని ఏరేసింది. అమ్మ ఆ కాగితాలు చదువుతూ చదువుతూ మధ్యలో పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. నేను చూశాను. ఆ కానీగారు ఎదురుపడితే నాలుగు దులిపేద్దామన్నంత కోపమొచ్చింది నాకు.

ఇంత చేస్తే ప్రేమమ్మా, చివరిపేజీగారూ ఆ తర్వాతే కాదన్నారు.

చివరికి అక్క విసిగిపోయింది. ఇంకొక్క ఏజెంటుకి నవల మొత్తం పంపి, ఆ రోజు భోజనాల దగ్గర చెప్పింది. "ఇదే ఆఖరు. ఈవిడ కూడా కాదంటే ఇక రాయను. నవలే కాదు, ఏదీ రాయను. ఆ వెనక గదిలో నేను రాసుకునే బల్ల మీద బట్టలు ఇస్త్రీ చేసుకోండి."

అరిచి చెప్పినా బాగుండేది. ఫిర్యాదుదారుతో మాట్లాడే ఆఫీసు గొంతుతో, మెత్తగా చెప్పింది. అప్పుడు నాకు భయం వేసింది. అక్కకి రాయడం తప్ప ఇంకో సరదా లేదు. అన్నంత పనీ చేస్తుందనడానికి గుర్తుగా, ఆ సాయంత్రమే ఇస్త్రీపెట్టె తెచ్చి ఆ బల్ల మీద పెట్టింది కూడా.

జవాబు ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. అందరం ఇంట్లోనే ఉన్నాం. అక్క ఫోనులో చూసి, "కృతజ్ఞతలు లేవే!" అంది. తర్వాత పైకి చదివింది.

"పెద్దాయన నాలుగో అధ్యాయంలో మెట్ల మీద చనిపోయారు. తొమ్మిదో అధ్యాయంలో వాన పడుతుంటే గుమ్మం దగ్గర నిలబడి గొడుగేదని అడిగారు. నేను వెనక్కి వెళ్ళి నాలుగో అధ్యాయం మళ్ళీ చదివాను. చనిపోయిన మాట నిజమే. ఇలా ఉన్న నవలని నేను తీసుకోలేను. ఆయన ఉన్నారో లేరో మీరే తేల్చుకోండి. తేలాక, కావాలంటే నాకు మళ్ళీ పంపండి. తొమ్మిదో అధ్యాయంలో ఆయన గొంతు వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చిందన్న మాట కూడా చెప్పాలి."

అక్క వెనక గదిలోకి పరిగెత్తి చూసొచ్చింది. నిజమే. తొమ్మిదో అధ్యాయంలో ఆయన ఒక్క చోట మిగిలిపోయాడు.

"అయితే ఆ చివరిపేజీ పెద్దమనిషి ఏం చదివినట్టు?" అన్నాను.

అక్క నా వైపు చూడలేదు. బావ వైపు తిరిగింది. "మీరు రెండుసార్లు చదివారుగా?"

బావ నీళ్ళు నమిలాడు. "అంటే... పడుకునే ముందు చదివేవాణ్ణి కదా. మూడో అధ్యాయం దాకా వచ్చేసరికి నిద్ర..."

"రెండుసార్లూ మూడో అధ్యాయం దాకేనా?"

అక్కకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకు తెలీలేదు. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళని తిట్టాం, చదవనివాడు పక్కనే పడుకుని గురక పెడుతున్నాడు! నేను అనబోయిన మాట అనకుండా ఆపుకోడానికి మంచినీళ్ళు తాగాల్సొచ్చింది. బావ మాత్రం తప్పించుకోడానికి దారి వెతుక్కున్నాడు.

"అత్తయ్యగారు మొత్తం చదివారు కదా! ఆవిడా చెప్పలేదు మరి!"

అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ మంచం మీద తువ్వాళ్ళు మడతపెడుతోంది. తలెత్తలేదు.

"నేను చూశాను" అంది.

"చూశావా? చూసి చెప్పవేమమ్మా! ఎంతమందికి పంపానో తెలుసా అలాగే?" అక్క నిజంగానే అరిచింది.

అమ్మ తువ్వాలు మడత విప్పి మళ్ళీ మొదటినుంచీ మడతపెట్టింది.

"చెప్తే మళ్ళీ చంపేస్తావుగా."

అక్క వచ్చి అమ్మ పక్కన కూర్చుని, తనూ ఒక తువ్వాలు తీసుకుంది గానీ మడతపెట్టలేదు, మొహానికి అదుముకుంది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు? బావ నెమ్మదిగా వెనక గదిలోకి వెళ్ళి బల్ల మీది ఇస్త్రీపెట్టె తీసి కింద పెట్టాడు.

ఆ సాయంత్రం అక్క నాలుగో అధ్యాయం తెరిచింది. ఎవరెన్ని పేజీల్లో ఏం జరగాలన్నా సరే, మెట్ల మీద కూర్చున్న మనిషి ఈసారి చెప్పులు విప్పుకుని లోపలికొచ్చాడు.