ఏమీ కలపని స్టీరియోలో గంగులప్ప గొంతు

ముందు ఒక మాట తేల్చేస్తాను. ఈ సంగతిలో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. కుప్పం గంగులప్ప బతికే ఉన్నాడు. ఈమధ్యే పట్టుపురుగుల షెడ్డుకు కొత్త రేకులు కూడా వేయించాడు.

యూట్యూబ్‌లో ఎవరో ఒకాయన ఈ కథ చెబుతూ గంగులప్పను చంపేశాడు. పుంగనూరు ఇంట్లో తెల్లచీర ఆడమనిషిని తిప్పాడు. వెనకాల నక్కల కూతలు పెట్టాడు. అది చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ గొంతు వినిపించినప్పుడు గదిలో ఉన్నది ముగ్గురం, అందులో నేనొకదాన్ని. కనీసం నన్ను ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

నేను మదనపల్లె దగ్గర అంగళ్లులో కాలేజీ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ పాఠం చెబుతాను. మా నాన్న మిషన్ స్కూల్లో సైన్సు టీచరు. మా ఇంట్లో దయ్యం అన్న మాట ఎత్తితే ఊరుకునేవాడు కాదు. నాకూ ఆ నమ్మకం ఎన్నడూ లేదు. శ్మశానం పక్కన అద్దె ఇంట్లో ఏళ్ల తరబడి కాపురం చేశాం. దోమలు తప్ప మమ్మల్నెవరూ పీడించలేదు.

నాగరాజప్ప మా నాన్నకు స్నేహితుడు. నేను చిన్నాయనా అని పిలుస్తాను. సొంతూరు పుంగనూరు. వయసంతా మదనపల్లె టమాటా మండీలో గడిపాడు. వ్యాపారం మానేశాక ఆయనకు ఒక్కటే కోరిక మిగిలింది. కచేరీలో ముందు వరుసలో కూర్చున్నట్టుగా ఇంట్లోనే నాదస్వరం వినాలి.

"వేలంపాట అరుపులు ఇని ఇని చెడిపోయిన చెవులమ్మా ఇవి. ఇంక మంచిది ఇనాల" అన్నాడు.

నన్ను అడక్కుండానే బెంగళూరు పోయి ఒక షాపులో మూడు పెట్టెలు కొనుక్కొచ్చాడు. ఒకటి డ్యాక్. ఫోన్లో అంకెలుగా ఉన్న పాటను తీగలో పారే సిగ్నల్‌గా మారుస్తుంది. రెండోది ప్రీయాంప్. సౌండు ఎంతుండాలో అది సర్దుతుంది. మూడోది పవర్ యాంప్. స్పీకర్లను కదిలించే బలం దానిది. మూడూ మంచివే. కానీ ఒకదానికి ఇంకొకటి పొసగదు. డ్యాక్ ఇచ్చేదే ఎక్కువ, ప్రీయాంప్ దాన్ని ఇంకా పెంచుతుంది, పవర్ యాంప్ చూస్తే చిన్న సిగ్నల్‌కే గొంతు చించుకునే రకం. నాబ్‌ను వెంట్రుకంత తిప్పితే ఇల్లు అదిరిపోతుంది. తిప్పకపోతే నాదస్వరం వెనక ఎప్పుడూ బుస్సుమని ఒకటే మోత.

షాపుకు ఫోన్ చేశాను. నేను గెయిన్ గురించి, అంటే ఏ పెట్టె సిగ్నల్‌ను ఎంత పెంచుతుందో దాని గురించి మాట్లాడుతుంటే అవతలాయన "సార్‌కి ఇవ్వండి మేడమ్, టెక్నికల్‌గా చెప్పాలి" అన్నాడు. సార్ అంటే నాగరాజప్ప. ఆయనకు ఏ వైరు ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు. ఇంత వయసు మనిషికి పొసగని సామాను అంటగట్టి, పైగా నాకు పాఠం. ఫోన్ పెట్టేశాను.

ఒక ఆదివారం చర్చి అయ్యాక నేనే పుంగనూరు వెళ్లాను. సరోజమ్మ, అంటే నాగరాజప్ప భార్య, రాగిసంగటి పెట్టింది. తిని పనిలో కూర్చున్నాను. డ్యాక్‌లో అవుట్‌పుట్ తగ్గించాను. ప్రీయాంప్‌కూ పవర్ యాంప్‌కూ మధ్య సిగ్నల్ తగ్గించే చిన్న గొట్టాలు పెట్టాను. నాబ్ సగం దాకా హాయిగా తిరిగింది. నాదస్వరం పెడితే చిన్నాయన కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేశాడు.

చివరగా బుస్సుమనే మోత ఎంత మిగిలిందో చూడాలి. దానికొక పద్ధతి ఉంది. డ్యాక్ వైర్లు పీకేశాను. ఫోన్ వంటింట్లో పెట్టించాను. ప్రీయాంప్‌లో సిగ్నల్ లోపలికి వచ్చే రంధ్రాలన్నిటికీ షార్టింగ్ ప్లగ్గులు పెట్టాను. అవి లోహపు మూతల్లాంటివి. వాటిని పెడితే తలుపు మూసి గడియ వేసినట్టే, లోపలికి ఏమీ రాదు. అప్పుడు నాబ్ పూర్తిగా తిప్పి స్పీకర్ దగ్గర చెవి పెట్టాను. చాలా సన్నని గాలి చప్పుడు, అంతే. నాకు సంతోషం వేసింది.

అప్పుడు ఎడమ స్పీకర్లోంచి మగ గొంతు వచ్చింది.

"అన్నా, మోటరు ఆపన్నా. నీళ్లు పైకొస్తాండాయి."

గరగర లేదు. రేడియో కలిసినట్టు పొడిపొడిగా లేదు. అరుస్తున్నట్టూ లేదు. అలసిపోయిన మనిషి పక్కన నిలబడి చెప్పినట్టు ఉంది. నేను ఉలిక్కిపడి వెనక్కి జరిగాను.

సరోజమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "అది గంగులు గొంతు" అంది.

గంగులప్ప నాగరాజప్పకు తమ్ముడు. కుప్పం దగ్గర సేద్యం, పట్టుపురుగుల పెంపకం. తల్లి కర్మ రోజున ఎవరో ఏదో మాట అన్నారని ఇద్దరికీ చెడింది. అప్పటినుంచి మాటల్లేవు.

నేను నాగరాజప్ప వైపు చూశాను. ముఖం పాలిపోయింది. కానీ ఆయన నోట వచ్చిన మాట విని నాకు ఒళ్లు మండింది.

"నాకేం ఇనపళ్లేదు" అన్నాడు.

"ఇనపడింది నీకు" అంది సరోజమ్మ.

"ఇనపడితే? వాడికి ఫోన్ చేసి ఏమని చెప్పేది? స్పీకర్లో పిలిస్తివని చెప్పేదా? నగుతాడు వాడు."

"నవ్వితే నవ్వనీండి చిన్నాయనా" అన్నాను. "ఆ గొంతు ఎవరిదైనా సరే, ఎక్కడో ఒక మనిషి నీళ్లలో ఉన్నాడు. ముందు ఫోన్ చేయండి."

"వాడి నంబరు నాకాడ లేదు."

సరోజమ్మ లేచి తన ఫోన్ తీసింది. తోడికోడలు నంబరును ఇన్నేళ్లూ పాలాయన అన్న పేరుతో దాచుకుందట, భర్త కంట పడకుండా. స్పీకర్ ఆన్ చేసి మధ్యలో పెట్టింది. గంగులప్ప భార్య కాంతమ్మ ఎత్తింది.

"కాంతా, గంగులు యాడుండాడు?"

"చేనుకాడుండాడక్కా. సంపులో బురద తీస్తానని దిగినాడు. యాల, ఏమాయ?"

"బోరు మోటరు ఆడతాండాదా సూడు."

"కరెంటు లేదక్కా, అందుకే దిగినాడు..." అంటూ కాంతమ్మ ఆగింది. దూరంగా గుయ్యిమనే చప్పుడు మాకూ వినిపించింది. "అయ్యో, మోటరు మోగతాండాది" అంది. తర్వాత ఫోన్ ఎక్కడో పడ్డ చప్పుడు, పరుగెత్తే అడుగులు.

మా ప్రాంతంలో సేద్యం చేసేవాళ్లకు ఆటో స్టార్టర్ అంటే చెప్పనక్కర్లేదు. కరెంటు రాగానే మోటరు దానంతటదే ఆడుతుంది. సంపు అంటే నేలలో కట్టిన లోతైన నీళ్ల తొట్టి. గంగులప్ప అందులోకి దిగాక నిచ్చెన మెట్టు విరిగి పడ్డాడు. కాలు విరిగింది. కరెంటు రాగానే లేవలేని మనిషి మీదికి బోరు నీళ్లు దూకాయి. కాంతమ్మ పోయి స్విచ్చు ఆపేసరికి గడ్డం దాకా నీళ్లున్నాయట. పక్క చేను వాళ్లు తాళ్లు వేసి పైకి లాగారు.

ఆ సాయంత్రమే ముగ్గురం కుప్పం వెళ్లాం. దారిలో కారు ఆపించి నాగరాజప్ప కమలాపండ్లు కొన్నాడు. ఆసుపత్రిలో గంగులప్ప కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. అన్న మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు. తమ్ముడు కిటికీ వైపు చూశాడు.

సంపులోంచి మీ అన్నను పిలిచారా అని నేనే అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"అరిసింది నిజమేమ్మా" అన్నాడు గంగులప్ప నాతో. "కాంతాని పిలిస్తి. ఇనపళ్లేదు దానికి. మా యన్నని నేను యాల పిలుస్తాను? పుంగనూర్లో ఉండే మనిషి ఈడికొచ్చి మోటరు ఆపతాడా?"

"అన్నా అని మేం ముగ్గురం విన్నాం."

"ఆ మాట నా నోట రాలేదు" అన్నాడు, ఎవరో నింద వేసినట్టు.

నాగరాజప్ప తెచ్చిన కమలాపండ్లు స్టూలు మీద పెట్టి బయటికి వచ్చేశాడు. ఒకడు చావు అంచుదాకా పోయి వచ్చాడు. ఇంకొకడు తమ్ముడు దక్కాడని కారులో కండువాతో కళ్లొత్తుకోవడం నేను చూశాను. అయినా ఎదురుపడితే ఒకరు కిటికీ, ఇంకొకరు తలుపు చూసుకున్నారు. ఇద్దరినీ పట్టి కుదపాలనిపించింది.

తర్వాత అందరికీ వివరణలు దొరికాయి. మా కాలేజీలో ఒక సహోద్యోగి, రేడియో తరంగాలు పట్టుకుని ఉంటుంది అన్నాడు. సరే, పట్టుకోవాలంటే అటువైపు పంపేది ఒకటి ఉండాలి కదా? గంగులప్ప ఫోన్ షెడ్డులో కొక్కేనికి తగిలించిన చొక్కాలో ఉంది. సంపులో మైకు లేదు, ఏమీ లేదు. పోనీ ఉందనుకున్నా, ఆయన అనని మాట ఎలా వస్తుంది? అతను టీ తాగి వెళ్లిపోయాడు.

మా చర్చిలో ఒక పెద్దమ్మ, దేవుడు మాట్లాడించాడు అంది. ప్రార్థన మీద నాకు గౌరవం ఉంది. కానీ దేవుడికి చెప్పాలని ఉంటే నేరుగా కాంతమ్మకు చెప్పొచ్చు కదా, పుంగనూరు మీదుగా తిప్పడం దేనికి అన్నాను. ఆమె ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడం లేదు.

అన్నిటికంటే ఘోరం ఆ షాపాయన. ఎవరి ద్వారానో విని ఫోన్ చేసి, "మా యాంప్ సెన్సిటివిటీ అట్లాంటిది మేడమ్, ఒక వీడియోలో చెప్తారా" అన్నాడు. అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాయను.

పరీక్షలన్నీ చేశాను. కాలేజీ నుంచి, సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ తీసుకెళ్లి పెట్టాను. అవే ప్లగ్గులు, అదే నాబ్, అదే మధ్యాహ్నపు వేళ. పక్కన ఫోన్లు మోగించాను. వీధిలో మైకు పెట్టించాను. వైర్లు మార్చాను, మళ్లీ అవే పెట్టాను. సన్నని గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

పోయిన నెల పుంగనూరు వెళ్లినప్పుడు హాల్లో స్టీరియో లైటు వెలుగుతోంది. పాట లేదు. నాగరాజప్ప ఎడమ స్పీకర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డ్యాక్ వైర్లు పీకి పక్కన చుట్ట చుట్టి ఉన్నాయి. నేను వదిలి వచ్చిన ప్లగ్గులు ప్రీయాంప్‌కు పెట్టి ఉన్నాయి. ఎవరూ నేర్పకుండా అంతా సరిగ్గానే పెట్టుకున్నాడు.

"రోజూ అంతేనమ్మా ఈయప్ప" అంది సరోజమ్మ వంటింట్లోంచి. "నాదస్వరం ఇనడమే లేదు."

నాకు మళ్లీ కోపం వచ్చింది. "తమ్ముడు బాగానే ఉన్నాడు కదా చిన్నాయనా. నంబరు కూడా ఉంది. ఒక్క ఫోన్ చేస్తే పోయేదానికి ఈ కాపలా ఏంది?"

ఆయన నా వైపు తిరగలేదు.

"ఫోన్లో అయితే వాడు అన్నా అనడమ్మా" అన్నాడు.

ప్లగ్గులు పీకేద్దామని చాచిన చేయి వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు అన్ని దారులూ నా చేత్తోనే మూశాను. ఆ మాట దేంట్లోంచి వచ్చిందో, ఎవరన్నదో నాకు తెలియదు. పిల్లలకు పాఠం చెప్పే నోటితోనే తెలియదని ఒప్పుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.