మూడుసార్లు వేసిన అతుకు

పంపుల కంపెనీ టెస్టింగ్ గదిలో ఆయన్ని అందరూ మీటరు అనే పిలిచేవారు. నోరు విప్పితే అంకెలే మరి. ఆయన అక్క మొగుడు కూడా ఆ కంపెనీలోనే కేబుళ్లకు సోల్డరింగ్ చేసేవాడు. "మావాడికి షాకంటే హడల్. అందుకే ఐదు వోల్టులు దాటని ఉద్యోగం వెతుక్కున్నాడు" అని క్యాంటీన్‌లో పదిమంది ముందూ ఆటపట్టించేవాడు. మీటరు పైకి విసుక్కునేవాడు గానీ, బావంటే ప్రాణం.

అలాంటి బావ పనికి తనే మచ్చ తెచ్చాడు.

కొత్త పంపుకు బ్యాటరీతో నడిచే ప్రెషర్ సెన్సర్ పెట్టారు. అది పంపే వోల్టేజీని అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందించేది డేటా అక్విజిషన్ కార్డు. పంపు ఆపేసి ఉన్నా సరే, తెర మీద గీత కుదురుగా ఉండదు; ఎటో పాకిపోతుంది. కార్డు ఎంచి తెప్పించిందీ, దానికి వైర్లు బిగించిందీ మీటరే. తప్పు తనదని తేలితే పరువేం కాను? మేనేజరు అడగ్గానే, "కేబుల్ అతుకు సరిగ్గా లేనట్టుంది సార్" అనేశాడు.

బావ మారుమాట్లాడకుండా అతుకు విప్పి మళ్ళీ వేశాడు. గీత పాకింది. ఇంకోసారి వేశాడు. మూడోసారీ అదే వరస అయ్యేసరికి మేనేజరు ఆయన్ని ప్యాకింగ్‌కు మార్చేశాడు. క్యాంటీన్‌లో హాస్యాలు ఆగిపోయాయి.

కొన్ని నెలలకు ఇంకో పంపు దగ్గరా అదే రోగం. ఈసారి కేబుల్ బయట కొన్నది. దాని మీద బావ చెయ్యే పడలేదు. మీటరు సెన్సర్ పక్కన పెట్టి, టార్చిలైటు బ్యాటరీని రెండు వైరు ముక్కలతో నేరుగా కార్డుకు బిగించాడు. ఎక్కడా సోల్డరింగ్ లేదు. అయినా గీత పాకింది. బ్యాటరీ మైనస్ కొస నుంచి కార్డు గ్రౌండుకు, అంటే కార్డు సున్నాగా లెక్కపెట్టే చోటుకు, దారి లేదు. ఆ దారి ఇవ్వాల్సింది తనే. ఆ రెంటి మధ్య గోరంత రెసిస్టరు కలపగానే గీత బుద్ధిగా నిలబడింది. ఇంత చిన్న పరీక్ష మొదటి రోజే చేసి ఉండొచ్చు. చేస్తే ఏం బయటపడుతుందోనని భయపడ్డాడు, అంతే.

మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పి, సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. బావ నాలుగు తిడితే బాగుండుననుకుంటూ మెట్లెక్కాడు.

"బావా, తప్పు నీ అతుకుది కాదు. నేను బిగించిన తీరుది."

బావ తన చేతుల కేసి చూసుకున్నాడు.

"అవునా? నువ్వన్నావంటే అన్నీ చూసే అనుంటావనుకున్నా రా. నా చేతిలోనే పనితనం పోయిందనుకున్నా."

"రేపట్నుంచి నీ బల్ల నీదే. మేనేజరు రమ్మన్నాడు."

వంటింట్లోంచి అక్క రేడియో పట్టుకొచ్చి బావ ముందు పెట్టింది. "అయితే ముందు దీని సంగతి చూడమనరా. వైరు ఊడి ఎన్నాళ్ళయిందో, ముట్టుకోనే ముట్టుకోడు."

బావ చెయ్యి రేడియో దాకా వెళ్ళి ఆగింది. మెల్లగా దాన్ని మీటరు వైపు జరిపాడు.

"నువ్వే చూడరా. నేనేస్తే మళ్ళీ ఊడుతుందేమో."