తాడు కిందికి పోయే చోటు

మార్చి 9, ఆదివారం సాయంత్రం, తొర్రూరు. ఉన్నవారు: ఉట్లు అల్లే అవ్వ, ఆమె కోడలు, ప్రింటింగ్ ప్రెస్‌లో బొమ్మలు సర్దే నడివయసు మనిషి, నేను.

డైరీలో ఇంతవరకే స్థిమితంగా రాశాను. ఆ తర్వాత కోపంతో నొక్కి రాసిన అక్షరాలు వెనక పేజీకి కూడా దిగాయి.

నేను భూముల నక్షాలు గీసి రిటైరైనవాణ్ణి. రెండేళ్లుగా ఆదివారాలు అవ్వ దగ్గర కూర్చుని, ఆమె వేసే ముడులు డైరీలో గీసుకున్నాను. ఇప్పుడు అవ్వ వేళ్లకు తిమ్మిరి. తాడు నిలవడం లేదు. కోడలికి పని పట్టుబడకముందే ఆ వేళ్లు పూర్తిగా మొండికేస్తే ఆ అల్లిక ఇంకెవరికీ రాదు. అందుకే ఆ బొమ్మలతో చిన్న పుస్తకం అచ్చు వేయించాను.

ప్రెస్ అతను అవ్వ ఇంటికే తెచ్చి కట్ట విప్పాడు. మొదటి పేజీ చూడగానే ఒళ్లు మండింది. ఒక తాడు ఇంకో తాడు కిందికి పోయే ప్రతిచోటా నేను గీతను కాస్త తెంపి వదిలాను. ఏది పైన, ఏది కింద అన్నది ఆ ఖాళీయే చెబుతుంది. అతను ఖాళీలన్నీ పూడ్చేశాడు. నా ముడులు పిచ్చిగీతలయ్యాయి.

"గీతలు తెగి ఉన్నయి సార్. స్కాన్ల పోయినయేమో అని అన్నీ మంచిగ కలిపిన. రెండు రోజులు పట్టింది," అన్నాడు, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ.

"కలపమని నీకెవరు చెప్పిండ్రు? ఒక్క ఫోన్ చేసి అడిగితే నీ నోటి ముత్యాలు రాలుతయా?"

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. నేను తగ్గలేదు.

"జర సల్లబడు కొడుకా," అన్నది అవ్వ. "నీ డైరీ ఉన్నది గద. గది చూసి మా కోడలు అల్లుతది."

కోడలు డైరీ ముందు పెట్టుకుని ఉట్టిని వేలాడదీసే పట్టీ మొదలుపెట్టింది. చూడు, సరైన బొమ్మంటే ఇదీ అన్నట్టు నేను ప్రెస్ అతని వైపు చూస్తున్నాను. జానెడు అల్లేసరికి, చదునుగా రావలసిన పట్టీ మెలితిరిగింది.

"ఏందత్తమ్మ, గిది పాములెక్క సుట్టుకుంటాంది?"

అవ్వ తడిమి చూసింది. "ఒకపారి ఎడమ తాడు పైకెల్లి రావాలె, ఇంకోపారి కుడిది. నువ్వు రెండుపార్లూ ఎడమదే తెస్తున్నవు."

"సారు గిట్లనే గీసిండు."

డైరీ లాక్కుని చూశాను. ముడి మొదటి సగం గీసిన రోజు అవ్వకు ఎదురుగా కూర్చున్నాను. ఆమె కుడి నాకు ఎడమ. రెండో సగం నాడు వాన జల్లు కొడితే ఆమె పక్కకు జరిగాను; అప్పుడు ఆమె ఎడమే నాకూ ఎడమైంది. ఎక్కడ కూర్చున్నానో రెండు రోజులూ రాసి పెట్టుకున్నాను. రాసి ఏం లాభం? ఆ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి ఒక్కసారీ అల్లి చూడలేదు.

"తిట్లన్నీ గాయనకే పడ్డయి," అన్నది అవ్వ. "నీ వంతు ఎవలు తిట్టాలె కొడుకా?"

ప్రెస్ అతను నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పుస్తకాల కట్ట మళ్లీ కట్టి, తలవంచుకుని వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చాక నామీద నాకు పుట్టిన కోపంతో అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి, అవ్వ పక్కనే, ఆమె చూసే వైపే చూస్తూ కూర్చున్నాను. తాడు ఆమె వేళ్లలోంచి రెండుసార్లు జారింది. మూడోసారి కోడలు తన వేళ్లను అవ్వ వేళ్ల కింద ఆనించింది. ముడి పడింది. ఆ వరస మొత్తం గీశాక, ప్రతి ఖాళీ పక్కనా ఎర్రసిరాతో 'కలపవద్దు' అని రాశాను.